కిటికీ అద్దాలు శుభ్రం చేసే పని: ఆరేడు వేలతో మొదలుపెట్టడం ఎలా

హైదరాబాద్, విజయవాడ, విశాఖ లాంటి ఊళ్లలో కొత్త అపార్ట్‌మెంట్ అంటే యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్ ఫ్రేము) కిటికీలు, బాల్కనీకి పెద్ద స్లైడింగ్ తలుపులు. వాటిని తుడవడానికి ఇంట్లో వాళ్లకు తీరిక ఉండదు, పనిమనిషికి అది పనిలో లెక్క కాదు. ఈ పనికి షాపు, బండి, యంత్రం ఏవీ అక్కర్లేదు. చేతి పని శుభ్రంగా రావాలి, ఏ పని ఒప్పుకోకూడదో తెలియాలి. ఒక మాట ముందే చెప్పాలి: మన ఊళ్లలో ఇది అద్దం పని మాత్రమే కాదు. దుమ్ము పేరుకున్న ట్రాకులు (కిటికీ తలుపులు జారే గాడులు), జిడ్డు పట్టిన దోమల మెష్, బోరు నీళ్ల తెల్ల మరకలు, ఈ మూడూ కలిసిందే పని. అద్దం ఒక్కటే మెరిపించి వెళ్లినవాణ్ణి మళ్లీ పిలవరు. ట్రాకులో వేలు పెట్టి చూసి సంతోషపడిన ఇల్లాలు మాత్రం పక్క ఫ్లాట్‌కు కూడా చెబుతుంది.

ఏం కొనాలి

కింది ధరలు సుమారుగా వేసుకున్నవి. బేగంబజార్, రాణిగంజ్, విజయవాడ వన్‌టౌన్ లాంటి హోల్‌సేల్ బజార్లలో బేరం కుదిరితే ఇంకా తగ్గుతాయి.

డబ్బు మొదట పెట్టాల్సింది స్క్వీజీ మీద, అంటే అద్దం మీది నీళ్లు లాగే రబ్బరు పట్టీ పిడి. దుకాణాల్లో గ్లాస్ వైపర్ అని అడిగితే నేల తుడిచే ప్లాస్టిక్ వైపర్ లాంటిదే చేతికిస్తారు, అది వద్దు. స్టీలు లేదా ఇత్తడి పట్టీ ఉండి, రబ్బరు విడిగా ఊడదీసి మార్చుకునేలా ఉన్నదే తీసుకోవాలి. 14 అంగుళాలది ఒకటి, చిన్న అద్దాలకు 10 అంగుళాలది ఒకటి, రెండూ కలిపి 700 నుంచి 1000 రూపాయలు. అదనపు రబ్బర్లు రెండు, 200. రబ్బరు అంచు పదునుగా, చతురస్రంగా ఉండాలి. గుండ్రబడిన రబ్బరుతో ఎంత నేర్పున్నవాడైనా చారలు లేకుండా తుడవలేడు.

నీళ్లు పట్టించడానికి గుడ్డ తొడుగున్న టీ ఆకారపు పిడి, 300. పొడవాటి బకెట్ ఒకటి, మామూలు బకెట్ ఒకటి, 400. మైక్రోఫైబర్ గుడ్డలు పన్నెండు, 600. వీటిని రెండు రంగుల్లో కొనండి. ఒక రంగు అద్దానికి, రెండోది ట్రాకులకు, ఆ రెండూ ఎప్పటికీ కలవకూడదు. ట్రాకులోని ఇసుక రేణువు ఒక్కటి అద్దం గుడ్డలోకి చేరితే గీత పడుతుంది. బ్లేడు గీకుడుపిడి, బ్లేళ్లు కలిపి 200. ఒక అంగుళం పెయింటింగ్ బ్రష్షులు రెండు, గట్టి కుచ్చు బ్రష్ ఒకటి, 150. నాలుగు నుంచి ఎనిమిది అడుగులకు సాగే పొడుగు కర్ర, 700. నాలుగైదు మెట్ల అల్యూమినియం నిచ్చెన, 2000 నుంచి 2500. చేతి తొడుగులు, కళ్లద్దాలు, 300. కిలో నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్, 200. ఇంట్లో ఉన్న పాత దుప్పట్లు రెండు నేల మీద పరచడానికి సరిపోతాయి.

మొత్తం ఆరేడు వేలు దాటదు. నిచ్చెన అరువు దొరికితే నాలుగు వేలలోనే మొదలుపెట్టవచ్చు. ప్రెషర్ వాషర్, వాక్యూమ్, ఆవిరి యంత్రం లాంటివి ఇప్పుడు కొనకండి. ప్రెషర్ వాషర్ నీటి వేగానికి యూపీవీసీ రబ్బరు సీళ్లు కదిలి నీళ్లు గోడలోకి పోతాయి.

నీళ్లు, సబ్బు

ఐదు లీటర్ల నీళ్లకు గిన్నెలు తోమే లిక్విడ్ అర టీస్పూను, అంతే. నురగ ఎక్కువైతే పని బాగా జరుగుతోందని అనిపిస్తుంది గానీ, అద్దం ఆరాక మిగిలే మసక పొర ఆ సబ్బుదే. స్క్వీజీ అద్దం మీద ఆగకుండా కదలడానికి కావలసినంత జారుడుంటే చాలు.

బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. స్క్వీజీతో నీళ్లు పూర్తిగా లాగేస్తే ఇబ్బంది లేదు, అంచుల్లో మిగిలిన చుక్కలే ఆరి తెల్ల మచ్చలవుతాయి. అందుకని అడిగి మున్సిపల్ నీళ్లు తీసుకోండి. ఆర్ఓ మిషన్ నుంచి బయటికి పోయే నీళ్లు వాడుకోమని కొందరిస్తారు, వద్దని చెప్పండి. ఫిల్టర్ వదిలేసిన లవణాలన్నీ వాటిలోనే ఉంటాయి. ఏసీ నుంచి కారే నీళ్లలో మాత్రం లవణాలు దాదాపు ఉండవు. వేసవిలో వాటిని బకెట్లో పట్టి, గుడ్డతో వడగట్టుకుంటే అద్దాలకు అంతకంటే మంచి నీళ్లు దొరకవు. నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు రెండు మూడు వందలకు దొరుకుతుంది, అది జేబులో ఉంటే ఏ నీళ్లు ఎలాంటివో అక్కడికక్కడే తెలుస్తుంది. తాగునీటికి భారతీయ ప్రమాణం చెప్పే ఆమోదయోగ్య పరిమితి లీటరుకు 500 మిల్లీగ్రాములు. అది దాటితే అంచులు తుడవడంలో రెట్టింపు జాగ్రత్త పడాలి.

ఒక కిటికీ, మొదటి నుంచి చివరి దాకా

మూడు ట్రాకుల కిటికీ తీసుకుందాం: రెండు అద్దం షట్టర్లు (పక్కకు జరిగే రెక్కలు), ఒక మెష్ షట్టర్. ముందు కర్టెన్లు పక్కకు కట్టి, నేల మీద దుప్పటి పరచండి. అద్దం మీద ఇదివరకే ఉన్న గీతలు, పగుళ్లు ఫోనులో ఫొటో తీసి ఇంటివాళ్లకు చూపించండి. రెండు నిమిషాల ఈ పని తరవాత గంట సేపు వాదనను తప్పిస్తుంది.

మెష్ షట్టర్‌ను ఊడదీసి బాత్రూంలో ఆనించి, పొడి బ్రష్‌తో దుమ్ము దులిపి, సబ్బు నీళ్లతో రెండు వైపులా మెత్తగా రుద్ది కడగండి. గట్టిగా నొక్కితే మెష్ గాడిలోంచి ఊడి వస్తుంది, సాగిపోతుంది. అది ఆరేలోపు మిగతా పని.

తరవాత ట్రాకు, అదీ పొడిగా ఉన్నప్పుడే. చాలామంది ముందే నీళ్లు పోస్తారు. దాంతో దుమ్ము బురదై మూలల్లో గట్టిపడుతుంది, నాలుగు రెట్లు సమయం తింటుంది. పెయింటింగ్ బ్రష్‌తో దుమ్మంతా ఒక చివరికి తోసి గరిటెతో ఎత్తేయండి. ట్రాకు బయటి అంచులో చిన్న రంధ్రాలుంటాయి, వాన నీళ్లు బయటికి పోవడానికి. అవి పూడుకుపోతే వాన పడినప్పుడు నీళ్లు ట్రాకు నిండి గదిలోకి వస్తాయి. చీపురు పుల్లతో వాటిని తెరిచి, చెంబెడు నీళ్లు పోసి బయటికి కారుతున్నాయో లేదో ఇంటివాళ్లకు చూపించండి. వానాకాలంలో మంచం తడిసిన ఇంట్లో ఈ ఒక్క పనే మీకు పేరు తెస్తుంది.

ఇప్పుడు అద్దం. బయటి వైపు ముందు, లోపలి వైపు తరవాత. తడి పిడితో అద్దం మొత్తం, ముఖ్యంగా నాలుగు మూలలు, గట్టిగా రుద్దండి. మురికి వదలాల్సింది ఇక్కడే. స్క్వీజీ మురికిని తియ్యదు, వదిలిన మురికినీ నీళ్లనూ లాగుతుంది, అంతే. తరవాత పొడి గుడ్డతో పైఅంచు వెంట రెండు అంగుళాల పట్టీ ఆరబెట్టండి. స్క్వీజీని ఆ పొడి పట్టీలో ఆనించి, పిడిని అద్దానికి కాస్త వాల్చి, ఒకే వేగంతో కిందికి లాగండి. తడిలో మొదలుపెడితే పైనుంచి నీటి గీత కారుతుంది. రెండో లాగుడు మొదటిదాని మీదికి రెండు అంగుళాలు ఎక్కాలి. ప్రతి లాగుడు తరవాత రబ్బరును గుడ్డతో తుడవాలి, బద్ధకించకూడదు. చివర్లో కింది అంచు, పక్క రబ్బరు సీళ్లు పొడి గుడ్డతో ఒక్కసారి. అద్దం మధ్యలో మాత్రం గుడ్డ పెట్టకండి, ఏదైనా మిగిలితే మళ్లీ తడిపి మళ్లీ లాగండి.

చారలు ఎలా ఉన్నాయో చూస్తే తప్పెక్కడో తెలుస్తుంది. పై నుంచి కింది దాకా ఒకే చోట సన్న గీత వస్తుంటే రబ్బరులో అక్కడ గాటు పడింది, లేదా ఇసుక ఇరుక్కుంది. రబ్బరును తిప్పి రెండో అంచు వాడండి, రెండూ పోతే మార్చండి. పక్క నుంచి చూస్తే మసక కనిపిస్తే సబ్బు ఎక్కువైంది. రెండు లాగుళ్ల మధ్య నీటి చారుంటే ఒకదాని మీద ఒకటి సరిగ్గా ఎక్కలేదు. కీచుమని ఆగి ఆగి కదిలితే అద్దం ఆరిపోయింది. ఇది ఎండలోనే ఎక్కువ. వేసవిలో తూర్పు వైపు కిటికీలు సాయంత్రం, పడమటివి పొద్దున చేయండి. రెండు పొరల అద్దంలో లోపలే ఆవిరి కమ్మితే సీలు పోయినట్లు. అది తుడిస్తే పోయేది కాదని పని మొదలుపెట్టకముందే చెప్పాలి.

చివరగా ట్రాకును తడి గుడ్డతో తుడిచి, ఆరాక సిలికాన్ స్ప్రే కొద్దిగా కొట్టండి. కొబ్బరి నూనె, మిషన్ ఆయిల్ వెయ్యకండి, వారంలో దుమ్ము అంటుకుని మొదటికొస్తుంది.

షట్టర్ ఊడదీయడం

బయట ఇనుప గ్రిల్ ఉన్న కిటికీలో బయటి వైపు చెయ్యి అందదు, షట్టర్ ఊడదీసి లోపలికి తెచ్చి తుడవాలి. షట్టర్‌ను మధ్యకు జరిపి, పైకెత్తి, కింది అంచును లోపలికి లాగితే వస్తుంది. కొన్నింటికి పైన చిన్న అడ్డుబిళ్ల ఉంటుంది, దాని స్క్రూ ముందు తీయాలి. ఏది ఎక్కడిదో పెన్సిలుతో గుర్తు పెట్టుకోవాలి. రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు, 5 మిల్లీమీటర్ల అద్దం ఒక్కటే తొమ్మిది కిలోలకు పైన ఉంటుంది, ఫ్రేముతో కలిపితే ఒంటరిగా ఎత్తే బరువు కాదు. బయట గ్రిల్ లేకపోతే మాత్రం ఏ అంతస్తులోనూ షట్టర్ ఊడదీయకండి. చెయ్యి జారితే కింద నడిచే మనిషి ప్రాణం పోతుంది. అలాంటి చోట ఒక షట్టర్ జరిపి, ఆ ఖాళీలోంచి పొట్టి పిడితో అందినంత వరకే చేయాలి. అందని భాగానికి డబ్బు తీసుకోకూడదు.

మొండి మరకలు

బోరు నీళ్ల తెల్ల మరకలకు లీటరు నీళ్లలో 50 గ్రాముల నిమ్మ ఉప్పు కలపండి. నిలువు అద్దం మీద ద్రావణం నిలవదు కాబట్టి టిష్యూ కాగితం దానిలో తడిపి మరక మీద అంటించండి. ఐదు నుంచి పది నిమిషాలు ఉంచి, ఆరిపోనివ్వకుండా రుద్ది, మంచి నీళ్లతో రెండుసార్లు కడగాలి. ఒకసారికి పోకపోతే మళ్లీ చేయండి, గాఢత పెంచకండి. మరక వేలికి గరుకుగా తగులుతుంటే అది పొర, వస్తుంది. నునుపుగా ఉండి మసకగా కనిపిస్తే అద్దమే తినేసింది. దానికి సీరియం ఆక్సైడ్ పొడితో పాలిష్ పట్టాలి. అది వేరే పని, వేరే రేటు, ఫలితం ఖాయం కాదు.

కిటికీ కింద పరిచిన బండ చూడకుండా నిమ్మ ఉప్పు ముట్టుకోవద్దు. కడప బండ, తాండూరు బండ, షాబాద్ బండ మూడూ సున్నపురాయి జాతివే, పాలరాయి కూడా అంతే. యాసిడ్ చుక్క పడితే మెరుపు పోయి తెల్ల మచ్చ మిగులుతుంది, తుడిస్తే ఆ మెరుపు తిరిగి రాదు. ప్లాస్టిక్ షీటు పరిచి, అంచులు టేపుతో అంటించాకే మొదలుపెట్టండి. బాత్రూం యాసిడ్ అల్యూమినియం ఫ్రేమును తినేస్తుంది, సంచిలో ఉండనే కూడదు. నిమ్మ ఉప్పునైనా ఇంకే యాసిడ్‌నైనా బ్లీచింగ్‌తో కలిపితే క్లోరిన్ విషవాయువు వస్తుంది.

కొత్త ఇళ్లలో లప్పం, పెయింటు, సిమెంటు చుక్కలు, స్టిక్కర్ జిగురు ఉంటాయి. పావుగంట తడిపి ఉంచితే లప్పం సగం దానంతటదే వదులుతుంది. మిగిలినదానికి బ్లేడు, అదీ అద్దం బాగా తడిగా ఉన్నప్పుడే, ముందుకు మాత్రమే తోస్తూ. వెనక్కి లాగితే బ్లేడు కింద ఇరుక్కున్న ఇసుక గీత గీస్తుంది. మూల మీద చిన్న ముద్ర ఉంటే అది టఫెన్డ్ అద్దం, అంటే వేడి చేసి గట్టిపరిచినది. దాని ఉపరితలం మీద తయారీలో అంటుకున్న సన్న రేణువులుండవచ్చు, బ్లేడు తగిలితే అవి ఊడి అద్దమంతా గీతలవుతాయి. ఒక మూలలో పరీక్షించి, గరగరమని శబ్దం వస్తే ఆపి, ఇంటివాళ్లకు చూపించి, వాళ్లు రాతపూర్వకంగా సరేనంటేనే కొనసాగండి. వాట్సాప్ సందేశమైనా చాలు. సన్‌ఫిల్మ్ అంటించిన వైపు, రిఫ్లెక్టివ్ అద్దం పూత ఉన్న వైపు బ్లేడు, పొడి పాలిష్ రెండూ నిషిద్ధం. యూపీవీసీ ఫ్రేము మీది జిగురుకు థిన్నర్ వాడితే ఫ్రేము మెరుపు చెడుతుంది. శానిటైజర్ స్పిరిట్‌తో ఓపిగ్గా రుద్దాలి.

ఒప్పుకోకూడని పనులు

కిటికీ గట్టు మీద నిలబడి చేసే పని, పిట్టగోడ ఎక్కి చేసే పని, తాడు కట్టుకుని వేలాడే పని. మూడోది వేరే వృత్తి. దానికి శిక్షణ, ఐఎస్ 3521 ప్రమాణం ఉన్న హార్నెస్ (ఒంటికి కట్టుకునే రక్షణ పట్టీ), బీమా, తాడు పట్టే రెండో మనిషి కావాలి. పైసలు ఎక్కువిస్తామంటే లొంగకండి. ఆనించే నిచ్చెన వాడితే నాలుగడుగుల ఎత్తుకు ఒక అడుగు దూరంగా పాదం పెట్టాలి. మన వీధుల్లో కరెంటు తీగలు బాల్కనీలకు ఆనుకునే పోతాయి. అలాంటి వైపు అల్యూమినియం కర్ర సాగదీయకండి, తడి చేతులతో అసలు వద్దు.

ప్రధానమంత్రి సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలు, బ్యాంకు ఖాతా నుంచే కోత పడుతుంది. ప్రమాదంలో మరణిస్తే లేదా పూర్తి వైకల్యం వస్తే రెండు లక్షలు. 18 నుంచి 70 ఏళ్ల వారికి వర్తిస్తుంది. మొదటి పనికి ముందే తీసుకోండి.

రేటు కట్టడం

చదరపు అడుగుల లెక్క వద్దు, నిమిషాల లెక్క కట్టండి. దుమ్ము పట్టిన షట్టర్ రెండు వైపులా ఆరు నిమిషాలు, ఒక కిటికీ ట్రాకులన్నీ కలిపి పది, మెష్ ఐదు. రెండు బెడ్రూంల ఫ్లాటులో ఏడు కిటికీలు, ఒక బాల్కనీ తలుపు అనుకుందాం. పదహారు షట్టర్లకు 96 నిమిషాలు, ఎనిమిదింటి ట్రాకులకు 80, ఏడు మెష్‌లకు 35, పరవడం సర్దడం 30. మొత్తం నాలుగు గంటలు. గంటకు 250 మీ లక్ష్యమైతే వెయ్యి, ప్రయాణానికీ సామాన్లకూ మరో 150, వెరసి 1150. ఏడాదిగా ముట్టని ఇల్లయితే ఒకటిన్నర రెట్లు, పెయింటు మరకలున్న కొత్త ఇల్లయితే రెండు రెట్లు అడగండి. ఫోనులో రేటు చెప్పకండి. కిటికీల ఫొటోలు తెప్పించుకోండి, ఒక ట్రాకు దగ్గరి నుంచి తీసిన ఫొటో తప్పనిసరి.

మూడు నెలలకోసారి చేయించుకుంటే ముప్పావు రేటుకే వస్తామని పని అయిన రోజే చెప్పండి. మీకు నష్టం లేదు, రెండోసారి పని సగం సమయంలో అయిపోతుంది.

పని ఎక్కడ దొరుకుతుంది

ఒక్క అపార్ట్‌మెంటును పట్టుకోండి, ఊరంతా తిరగకండి. వాచ్‌మన్‌తో మంచిగా ఉండండి, అసోసియేషన్ సెక్రటరీ గారిని కలిసి అనుమతి అడగండి, మెట్ల దగ్గరి అద్దమో లాబీ తలుపో ఉచితంగా తుడిచి చూపించండి. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ముందు, తరవాత ఫొటోలు సెక్రటరీ గారి చేతే పెట్టిస్తే మాటకు బరువుంటుంది. ఒకే రోజు ఒకే బ్లాకులో రెండు ఫ్లాట్లు దొరికితే ప్రయాణ ఖర్చు మిగులుతుంది.

ఇళ్లలో పని పండగలకు ఊపందుకుంటుంది. సంక్రాంతి బూజు దులపడం, వరలక్ష్మీ వ్రతం, దసరా, దీపావళి ముందు మూడు వారాలు. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణంలో గృహప్రవేశాలు ఎక్కువ. ఇంటీరియర్ కాంట్రాక్టర్లతో పరిచయం పెంచుకుంటే ముహూర్తానికి రెండు రోజుల ముందు పని మీకే వస్తుంది. ఆషాఢంలో ఆ పని దాదాపు ఆగిపోతుంది.

ఆ ఖాళీని నింపేది దుకాణాలు. కళ్లజోళ్ల షాపు, సెలూన్, క్లినిక్, మొబైల్ షాపు, బేకరీ, వీటన్నిటికీ ముందు అద్దమే ముఖం. ఒకే రోడ్డు మీద పదిహేను షాపులు, వారానికోసారి, ఒక్కో షాపుకు పది నిమిషాలు, వంద రూపాయలు. పొద్దున షట్టర్ తీసే వేళకు అక్కడుండాలి, గిరాకీ మొదలైతే మిమ్మల్ని లోపలికి రానివ్వరు. ఎప్పటికప్పుడు యూపీఐలో తీసుకోండి. చిన్న మొత్తం నెలాఖరుకు వాయిదా పడితే వసూలు చేయడానికే ఒక రోజు పోతుంది.

కాగితాలు

ఉద్యమ్, అంటే చిన్న వ్యాపారాల నమోదు, ప్రభుత్వ వెబ్‌సైటులో ఉచితం, ఆధార్, పాన్ ఉంటే చాలు. డబ్బు అడిగే సైట్లు ప్రభుత్వానివి కావు. సేవల వ్యాపారానికి ఏడాది రాబడి 20 లక్షలు దాటేదాకా సాధారణంగా జీఎస్టీ నమోదు అక్కర్లేదు. అప్పు తప్పదనుకుంటే ముద్ర పథకంలో శిశు విభాగం కింద 50 వేల దాకా తాకట్టు లేకుండా ఇస్తారు, కానీ ఈ పని మొదలుపెట్టడానికి అప్పు చేయాల్సిన అవసరం లేదు. బిల్లు పుస్తకం ఒకటి అచ్చు వేయించుకోండి, అసోసియేషన్లు, క్లినిక్‌లు అడుగుతాయి.

మొదటి సంపాదనలోంచి ముందు కొనాల్సింది ఇంకో డజను గుడ్డలు, తరవాత చిన్న వాక్యూమ్. దానితో ఒక్కో ట్రాకుకు నాలుగు నిమిషాలు మిగులుతాయి. సహాయకుణ్ణి పెట్టుకోవాల్సింది షట్టర్లు ఎత్తే పని వారంలో మూడు రోజులు దాటినప్పుడు. అతనికీ బీమా కట్టించి, మొదటి నెల ట్రాకులు, మెష్‌లు మాత్రమే అప్పగించండి. స్క్వీజీ చేతికివ్వడానికి ముందు మీ ఇంటి అద్దం మీదే రోజుకో అరగంట లాగనివ్వండి.